బరంపురం ఎన్ని ముక్కలు?

బరంపురం అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కంప్యూటరు దాన్ని 9 బైట్లలో దాచుకుంటుంది. అదే మాటను తెలుగులో రాస్తే 21 బైట్లు పడుతుంది. ఒడియాలో ఊరి పేరు బ్రహ్మపుర కాబట్టి, ఆ లిపిలో రాస్తే 27 అవుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాగితాల మీద ఇంగ్లీషు వాడుతూ పెరిగిన ఒడిశాలోని గంజాం జిల్లా వాళ్ళకు ఈ లెక్కతో ఇన్నాళ్ళూ పని పడలేదు. ఒక ఫోటో పంపితేనే లక్షల బైట్లు ఖర్చయ్యే రోజుల్లో పన్నెండు బైట్ల తేడా ఎవరికి కావాలి? మనతో మాట్లాడే భాషా మోడళ్ళు వచ్చిన తర్వాత మాత్రం ఈ తేడా డబ్బుగా మారింది. దాన్ని నాకు ముందుగా చూపించినవాడు మా మేనల్లుడు.

అతనిది పట్టుచీరల కొట్టు. ఫోనులో చీరల ధరలు, రంగులు అడిగేవారికి ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబిచ్చే ఏర్పాటొకటి పెట్టుకున్నాడు. నెలాఖరున బిల్లు చూపించి, "మావయ్యా, తెలుగులో అడిగినోడికి తెలుగులో జవాబిస్తే ఎక్కువ పడతంది, ఇంగ్లీషుకి తక్కువ పడతంది, ఎందుకలాగ?" అని అడిగాడు. తెలుగు కష్టమైన భాష కాబట్టి యంత్రానికి శ్రమ ఎక్కువేమో అని పక్కనున్నవారు సమాధానం చెప్పారు. అది సరైన సమాధానం కాదు. మోడల్ తెలుగును అర్థం చేసుకోవడానికి ప్రయత్నించడం మొదలుపెట్టకముందే, మాటలను ముక్కలుగా కోసే దశలోనే ఆ అదనపు ఖర్చు పడిపోతుంది. గత కొన్నేళ్ళుగా ఈ కోత మీద జరిగిన పరిశోధన సరిహద్దు జిల్లాల వాళ్ళకు చాలా దగ్గరి విషయమని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకే మాటను రెండు మూడు లిపుల్లో రాసుకునే మనుషులం మనం.

ఏ భాషా మోడలూ వాక్యాన్ని మనలా అక్షరాలుగా గాని, మాటలుగా గాని చదవదు. టోకెనైజర్ అనే చిన్న ప్రోగ్రాము ముందుగా వాక్యాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఒక సంఖ్య ఇస్తుంది. ఆ ముక్కే టోకెన్. బిల్లు టోకెన్ల లెక్కన పడుతుంది, జవాబు టోకెన్ తర్వాత టోకెన్‌గా తయారవుతుంది, మోడల్ ఒకేసారి గుర్తుంచుకోగలిగిన వాచకానికి పరిమితి కూడా టోకెన్లలోనే ఉంటుంది. లారీలోని సరుకు బరువును తూచకుండా బస్తాలను లెక్కపెట్టి సుంకం వసూలు చేసే చెక్‌పోస్టు ఒకటి ఆంధ్రా సరిహద్దులోని గిరిసోలాలో ఉన్నదనుకుందాం. పది క్వింటాళ్ళ సరుకును పెద్ద గోనెల్లో కట్టినవాడు తక్కువ కట్టి పోతాడు, అదే పది క్వింటాళ్ళను చిన్న సంచుల్లో కట్టినవాడు ఎన్నో రెట్లు కడతాడు. తెలుగు సరుకు చిన్న సంచుల్లో వెళ్తోంది. వాటిని కట్టింది తెలుగువాడు కాదన్నదే ఇక్కడ గమనించవలసిన సంగతి.

సంచులు ఎందుకు చిన్నవయ్యాయో తెలుసుకోవాలంటే రెండు మెట్లు దిగాలి. మొదటి మెట్టు బైట్లది. ప్రపంచంలోని లిపులన్నిటికీ వరుసగా సంఖ్యలిచ్చే పద్ధతి యూనికోడ్. ఆ సంఖ్యలను బైట్లుగా మార్చే పద్ధతి యూటీఎఫ్-8. దీన్ని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో పళ్ళెం కింద పరిచే కాగితం మీద గీశారు. 0 నుంచి 127 వరకు ఉన్న సంఖ్యలకు ఒక బైటు, 2047 వరకు రెండు, 65535 వరకు మూడు, ఆ పైన నాలుగు. ఇంగ్లీషు అక్షరాలు మొదటి వరుసలో ఉన్నాయి. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు ఇచ్చారు, అందువల్ల మన గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. పైగా మనం ఒక్క అక్షరంగా పలికేది యూనికోడ్‌లో ఒక్క గుర్తు కాదు. "స్త్రీ" అన్నది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు గుర్తుల వరుస, అంటే 18 బైట్లు. ఇందులో కుట్ర వెతకనక్కరలేదు. పాత ప్రోగ్రాములు చెడకుండా కొత్త లిపులను చేర్చుకోవడానికి తెలివిగా వేసిన పథకమది, కాకపోతే వరుసలో వెనక నిలబడ్డవారికి ఖరీదైనది.

ఈ మెట్టు మీద ఉన్నప్పుడే మన ప్రాంతం వాళ్ళకు ఆసక్తి కలిగించే మరో సంగతి చూడవచ్చు. భారతీయ లిపుల కోసం మన దేశం రూపొందించి 1991లో ప్రమాణంగా ప్రకటించిన ఇస్కీ అనే పద్ధతిలో లిపులన్నిటికీ ఒకే వర్ణమాల క్రమం పాటించారు. యూనికోడ్ ఆ క్రమాన్నే తీసుకుంది. అందువల్ల దేవనాగరి క 2325వ సంఖ్య, ఒడియా క 2837, తెలుగు క 3093. తెలుగులో జోడున్న ఒడియా అక్షరం ఏదైనా తీసుకొని 256 కలిపితే ఆ తెలుగు అక్షరం వస్తుంది. బైట్లుగా చూస్తే ఒడియా క 224, 172, 149. తెలుగు క 224, 176, 149. మొదటి బైటు ఒకటే, మూడోదీ ఒకటే, నడిమిది మాత్రమే వేరు. రెండు లిపులూ తోబుట్టువులన్న విషయం కంటికి కనిపించకపోయినా యంత్రం లోపల అంకెల్లో అలాగే నిలిచి ఉంది. దీన్ని వాడుకోవడం ఎలాగన్నదాని మీదే ఇప్పటి పరిశోధనలో కొంత భాగం నడుస్తోంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

రెండో మెట్టు ముక్కలను అతికించే పద్ధతిది. దాని పేరు బైట్ పెయిర్ ఎన్‌కోడింగ్. ఫైళ్ళను కుదించడానికి 1994లో ఫిలిప్ గేజ్ ప్రచురించిన ఉపాయమిది. దాన్ని యంత్రానువాదంలో మాటలను విడగొట్టడానికి వాడవచ్చని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన రికో సెన్రిక్, ఆయన సహచరులు 2016లో చూపించారు. ఓపెన్‌ఏఐ సంస్థ భాషా మోడల్ జీపీటీ-2 దాన్ని బైట్ల స్థాయికి దించింది. పని చాలా సులువు. పెద్ద వాచకరాశిని బైట్లుగా పరిచి, పక్కపక్కన ఎక్కువసార్లు వచ్చే జంట ఏదో లెక్కపెట్టి, ఆ జంటను ఒకే ముక్కగా అతికించి, మళ్ళీ లెక్కపెట్టి మళ్ళీ అతికిస్తూ, ముక్కల పట్టిక ముందుగా నిర్ణయించిన పరిమాణానికి చేరేదాకా కొనసాగిస్తారు. ఎక్కువసార్లు వచ్చిన మాటకు పట్టికలో నిండుగా చోటు దొరుకుతుంది, తక్కువసార్లు వచ్చిన మాట ముక్కలుగానే మిగులుతుంది. ఆ వాచకరాశిలో అధికభాగం ఇంగ్లీషు అయినప్పుడు, సుమారు యాభై వేల ముక్కలున్న జీపీటీ-2 పట్టికలో తెలుగు మాటలకు చోటు దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. క అనే ఒక్క గుర్తు నిండు ముక్క కావాలన్నా రెండు అతుకులు పడాలి. ఇంగ్లీషు అక్షరానికి ఆ రెండు అతుకుల అవసరమే లేదు.

ఇంతవరకు చాలామంది రాశారు. తక్కువమంది గమనించిన తప్పొకటి దీనికి ముందే ఉంది, నా దృష్టిలో అసలు గాయం అదే. అతుకులు మొదలుపెట్టకముందు వాక్యాన్ని ఒక సూత్రం ప్రకారం గళ్ళుగా విడగొడతారు, గడి దాటి ఏ అతుకూ పడకూడదని నియమం. జీపీటీ-2లోని సూత్రం ఏమంటుందంటే, అక్షరాలు వరుసగా ఉన్నంతవరకు ఒక గడి, అంకెలు వరుసగా ఉన్నంతవరకు ఒక గడి, ఇవేవీ కాని గుర్తులు మరో గడి. ఇంగ్లీషుకు ఇది చక్కగా కుదురుతుంది, ఎందుకంటే అందులో అక్షరాలు కానివి కామాలు, ప్రశ్నార్థకాల వంటివే. యూనికోడ్ వర్గీకరణలో మాత్రం మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న "అక్షరాలు" కావు. అవి అక్షరానికి తగిలించే చిహ్నాలు, వాటిది వేరే వర్గం. ఆ సూత్రానికి కొమ్మూ కామా ఒకటే. బరంపురం అన్న మాట దాని చేతిలో బర, సున్న, ప, కొమ్ము, ర, సున్న అనే ఆరు గళ్ళుగా చెదిరిపోతుంది. వాచకరాశిలో కోటి తెలుగు పుస్తకాలు పోసినా "పురం" అన్నది ఒక ముక్క కాలేదు, ఎందుకంటే ప పక్కన గోడ, కొమ్ము పక్కన గోడ. తమిళానికీ, ఒడియాకూ, హిందీకీ ఇదే గతి పట్టింది. సమాచారం తక్కువ కాబట్టి ఇలా ఉందన్న వివరణ అందువల్ల సగమే నిజం. మిగిలిన సగం, గుణింతమంటే ఏమిటో తెలియని చేతులు రాసిన ఒక్క పంక్తి సూత్రం.

ఈ నష్టాన్ని కొలిచే పని 2023లో ఊపందుకుంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన అలెగ్జాండర్ పెట్రోవ్ బృందం ఒకే వాక్యాలను అనేక భాషల్లోకి అనువదించిన వాచకాన్ని తీసుకొని, వేర్వేరు టోకెనైజర్లు వాటిని ఎన్ని ముక్కలు చేస్తున్నాయో లెక్కపెట్టింది. ఒకే అర్థమున్న వాక్యానికి కొన్ని భాషల మధ్య తేడా 15 రెట్ల దాకా ఉన్నట్టు తేలింది. అదే ఏడాది ఒరెవా అహియా, ఆమె సహచరులు ఈ తేడా బిల్లులోనూ, జవాబు నాణ్యతలోనూ ఎలా కనబడుతుందో పరిశీలించారు. నాణ్యత మాట ఎందుకు వచ్చిందంటే, మోడల్‌కు ఉదాహరణలు చూపించి పని చేయించుకునేటప్పుడు పరిమితిలో పట్టే ఉదాహరణలు ఇంగ్లీషులో పదైతే, ముక్కలెక్కువయ్యే భాషలో రెండో మూడో అవుతాయి. లెక్క ఖర్చు కూడా సమంగా పెరగదు. మోడల్ ప్రతి ముక్కనూ మిగిలిన ముక్కలతో పోల్చి చూసుకునే భాగం ఒకటుంది, ముక్కలు మూడింతలైతే అక్కడి పోలికలు తొమ్మిదింతలవుతాయి.

2024 మే నెలలో ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓతో పాటు కొత్త టోకెనైజర్‌ను విడుదల చేసింది. ముక్కల పట్టికను సుమారు రెండు లక్షలకు పెంచడంతో పాటు, నేను పైన చెప్పిన సూత్రంలో చిహ్నాల వర్గాన్ని అక్షరాల సరసన చేర్చింది. ఆ సంస్థ చూపిన ఒక నమూనా వాచకానికి తెలుగులో పాత పద్ధతిలో 159 టోకెన్లు పడితే కొత్త పద్ధతిలో 45 పడ్డాయి. అదే వాచకం ఇంగ్లీషులో 27 నుంచి 24కు తగ్గింది. అంటే ఇంగ్లీషుతో పోలిస్తే దాదాపు ఆరింతలున్న తెలుగు ఖర్చు రెండింతల లోపుకు దిగింది. ఒక్క వాచకం మీద లెక్కను భాషంతటికీ అంటగట్టకూడదు గాని, దిశ మాత్రం స్పష్టం. తెలుగు వ్యాకరణం రాత్రికి రాత్రి మారలేదు, మారింది కోత. ఆ ప్రకటనలోని ఇరవై భాషల పట్టికలో గుజరాతీ, తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ, ఉర్దూ ఉన్నాయి. ఒడియా లేదు. మన దేశంలో ఇదే సమస్య మీద పనిచేసిన సర్వం అనే సంస్థ, 2024 అక్టోబరులో విడుదల చేసిన తన మోడల్‌లో ఒడియా, తెలుగు సహా పది భారతీయ భాషలకు మాటకు సగటున 1.4 నుంచి 2.1 టోకెన్లే పడుతున్నాయని చెప్పుకుంది.

పట్టికను పెంచుకుంటూ పోతే సరిపోదా అనే ప్రశ్న సహజం. సరిపోదు. పట్టికలోని ప్రతి ముక్కకూ మోడల్ లోపల ఒక పొడవైన అంకెల వరుస ఉంటుంది. వరుసకు 4096 అంకెలనుకుంటే, రెండు లక్షల ముక్కలకు సుమారు 82 కోట్ల అంకెలు ఆ పట్టికకే ఖర్చవుతాయి. ఫోనులో నడవవలసిన చిన్న మోడల్‌కు అది మోయలేని బరువు. పైగా తెలుగు మాట ఒకచోట నిలిచేది కాదు. వెళ్ళు అన్న ధాతువు వెళ్ళాడు, వెళ్ళలేదు, వెళ్ళాలనుకుంటున్నానన్నాడు అంటూ సాగిపోతుంది, ఇన్ని రూపాలకూ పట్టికలో చోటివ్వడం ఎవరి తరమూ కాదు. అందువల్ల ముక్కలు తప్పవు, అవి అర్థం ఉన్నచోట విరుగుతున్నాయా లేక ఎక్కడపడితే అక్కడ విరుగుతున్నాయా అన్నదే ప్రశ్న. ముక్కలు తక్కువైనంత మాత్రాన మోడల్ తెలివి పెరగదని 2024లో క్రెయిగ్ ష్మిట్ బృందం ప్రయోగాలతో చూపించింది. బిల్లు తగ్గించడం వేరు, భాష రావడం వేరు.

ఇంకో చిక్కు మన యాసది. జంటలను లెక్కపెట్టే వాచకరాశిలో తెలుగు ఎక్కువగా వార్తాసైట్లదీ, వికీపీడియాదీ. "వెళ్తున్నాడు" అన్న రూపం అక్కడ వేలసార్లు వస్తుంది, "ఎల్తన్నాడు" అన్నది రాదు. కాబట్టి ఇచ్ఛాపురం నుంచి ఛత్రపురం దాకా జనం మాట్లాడే తెలుగును మాట్లాడినట్టే రాస్తే, ప్రమాణ భాష రాసినవాడికంటే ఎక్కువ ముక్కలు పడే అవకాశముంది. నూరేళ్ళ కిందట, ఇప్పుడు గజపతి జిల్లాకు కేంద్రమైన పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి, జనం మాట్లాడే భాషలో రాయనివ్వాలని పండితులతో పోరాడారు. ఆ వాదం గెలిచిందనుకున్నాం. గెలిచిన వ్యావహారికం కూడా ఒక ప్రాంతపు వ్యావహారికమేనన్న సంగతి టోకెనైజర్ మళ్ళీ గుర్తుచేస్తోంది.

ఇక పరిష్కారాల విషయం. భారతీయ లిపుల సమాంతర క్రమాన్ని వాడుకోవడం వాటిలో మొదటిది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం తన అనువాద మోడళ్ళలో చాలా భారతీయ భాషల వాచకాన్ని ముందు దేవనాగరిలోకి మార్చి, ఆ తర్వాత ముక్కలు చేస్తుంది. అప్పుడు ఒడియాలోని "పుస్తక", తెలుగులోని "పుస్తకం" ఒకే ముక్కను పంచుకుంటాయి, ఒక భాషలో నేర్చుకున్నది మరొక భాషకు అక్కరకొస్తుంది. తత్సమాలు దండిగా ఉన్న భాషలకు ఇది లాభసాటి బేరమే. అయితే గమ్యమైన లిపిలో అన్ని గళ్ళూ నిండి ఉండాలి. దేవనాగరి గళ్ళలో ద్రావిడ భాషల కోసం హ్రస్వమైన ఎ, ఒ లకు చోటుంచారు కాబట్టి తెలుగు అందులో ఇమిడిపోతుంది. ఒడియా గళ్ళలో ఆ స్థానాలు ఖాళీ. బరంపురంలో ఒడియా మీడియంలో చదివిన మా తరం వాళ్ళలో తెలుగును ఒడియా అక్షరాల్లో రాసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు, మా అక్కయ్య కిరాణా చీటీ అలాగే ఉంటుంది. ఆ రాతలో మెడ, మేడ ఒకటైపోతాయి. చదివేవాడు సందర్భం చూసి సరిపెట్టుకుంటాడు, యంత్రం కూడా అలాగే సరిపెట్టుకోవాలి. పిల్లలు ఫోనుల్లో ఇంగ్లీషు అక్షరాలతో రాసే తెలుగులోనూ ఇదే నష్టం ఉంది, గుర్తుకు పడే బైట్లు మాత్రం మూడోవంతు.

రెండో దారి టోకెనైజర్‌నే తీసేసి నేరుగా బైట్లు చదివించడం. 2021లో గూగుల్ పరిశోధకులు బైట్5 అనే మోడల్‌తో ఇది సాధ్యమేనని చూపించారు. తప్పుల రాతను, యాసను తట్టుకోవడంలో ఇది మెరుగు. కాని తెలుగుకు వచ్చే అన్యాయం పోలేదు, గుర్తుకు మూడు బైట్లంటే మోడల్‌కు మూడుసార్ల పని, అది అలాగే నిలిచింది. 2024 డిసెంబరులో మెటా పరిశోధకులు దీనికి సవరణ ప్రతిపాదించారు. తర్వాతి బైటు ఏమిటో తేలిగ్గా ఊహించగలిగినచోట బైట్లను గుంపుగా కట్టేసి, ఊహించడం కష్టమైనచోట గుంపు విరిచి, పెద్ద మోడల్ చేత గుంపుల మీదే పని చేయించారు. తెలుగు వాచకంలో 224 వచ్చిందంటే తర్వాతది 176 గాని 177 గాని అయి ఉంటుందని చిన్నపిల్లవాడైనా చెప్పగలడు, అటువంటి బైట్ల మీద పెద్ద మోడల్ శ్రమ వృథా కానక్కరలేదు. ఒడియా, తెలుగు అక్షరాలు నడిమి బైటుతోనే వేరవుతాయని ముందు చెప్పిన సంగతి ఇటువంటి మోడల్‌కు నేరుగా కనబడుతుంది. పాత టోకెనైజర్‌కు అవి సంబంధంలేని రెండు సంఖ్యలు మాత్రమే. అదే ఏడాది తోమాష్ లిమిషెవిచ్ బృందం మరోవైపు నుంచి వచ్చి, యూటీఎఫ్-8 బైట్లకు బదులు, తరచుగా వచ్చే పదాంశాలకే చిన్న సంకేతాలిచ్చే పద్ధతిని 99 భాషలకు రూపొందించింది.

నాకు ఎక్కువ నచ్చింది 2025లో వచ్చిన ఒక సవరణ, ఎందుకంటే అందులో యంత్రమంతా పాతదే, న్యాయం మాత్రమే కొత్తది. అతుకుల పద్ధతిని ఉన్నదున్నట్టు ఉంచి, ప్రతి అతుకు దగ్గరా "మొత్తం మీద ఎక్కువసార్లు వచ్చిన జంట ఏది" అని అడగడానికి బదులు, "ఇప్పటివరకు అందరికంటే ఎక్కువ ముక్కలైపోతున్న భాష ఏది, ఆ భాషలో ఎక్కువసార్లు వచ్చిన జంట ఏది" అని అడుగుతారు. వెనకబడ్డవాడికి ముందు వడ్డించి, తర్వాత పంక్తిలో సాగడమన్నమాట. ఇంగ్లీషు కాస్త వెనక్కి తగ్గుతుంది గాని, మొత్తం కుదింపులో నష్టం స్వల్పమేనని ఆ పరిశోధకుల ఫలితాలు చెబుతున్నాయి.

ఈ పద్ధతికి ఒక షరతుంది. ఏ భాష ఎంత వెనకబడిందో తెలియాలంటే అన్ని భాషల్లోనూ అవే వాక్యాలు ఉండాలి. తెలుగుకూ ఒడియాకూ అవి ఉన్నాయి. 2022లో మెటా విడుదల చేసిన, రెండు వందలకు పైగా భాషల సమాంతర వాక్యాల సంకలనంలో రెండూ ఉన్నాయి, పెట్రోవ్ బృందం కొలతకు వాడింది కూడా దాన్నే. గజపతి, రాయగడ కొండల్లోనూ, ఇటు శ్రీకాకుళం వైపునా మాట్లాడే సవర భాష అందులో లేదు. గిడుగువారు ఆ భాష నేర్చుకొని దానికి తెలుగు లిపిలో పుస్తకాలు రాశారు. 1936లో మాంగేయి గమాంగో దానికి సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది, చోటు దొరికింది మాత్రం 69840 దగ్గర. కాబట్టి ఒకే సవర మాట ఇంగ్లీషు అక్షరాల్లో అయితే గుర్తుకు ఒక బైటు, తెలుగులో గాని ఒడియాలో గాని అయితే మూడు, తన సొంత లిపిలో అయితే నాలుగు. మా మేనల్లుడి కొట్టుకు పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే సవరవాళ్ళు ఇప్పటికి ఒడియాలోనో తెలుగులోనో అడుగుతున్నారు.